రాలేని వారి తరఫున: దుర్గాబాయి దేశ్‌ముఖ్



శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు వినని తెలుగువారు అరుదు. స్వాతంత్ర్య సమరయోధురాలు, రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంతటితో పాఠం ముగుస్తుంది. అయితే ఆమె జీవితంలో ఎక్కువ ఏళ్ళు గడిచినది బోర్డు సమావేశాలలో, కమిటీ గదులలో, పద్దుల పుస్తకాల ముందు. ఆ భాగం గురించి ఎవరూ పెద్దగా వ్రాయరు. పద్దుల పుస్తకంలో కథ ఏముంటుందని కాబోలు!

మనలో చాలామంది ఏదో ఒక పాఠశాల కమిటీలోనో, సహకార సంఘం కార్యవర్గంలోనో సభ్యులుగా ఉన్నవారమే. నెలకొకసారి వెళ్ళి, టీ త్రాగి, సంతకం చేసి వస్తాము. అదే కుర్చీని ఒక మనిషి ఎంత గట్టిగా పట్టుకుని పని చేయించవచ్చునో తెలియాలంటే ఈమె జీవితం చదవాలి. ముఖ్యంగా, పోలియో సోకి నడవలేని బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, చూపులేని కొడుకుకు ఏ చదువు చెప్పించాలో తెలియని తండ్రి ఆ సమావేశ గదికి ఎన్నడూ రాలేరు. వారి మాట అక్కడ ఎవరో ఒకరు చెప్పాలి.

దుర్గాబాయి గారు 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు గారు చిన్న వయసులోనే కన్నుమూశారు. తల్లి కృష్ణవేణమ్మ గారు పిల్లలను పెంచారు. ఆనాటి ఆచారం ప్రకారం ఎనిమిదేళ్ళకే దుర్గాబాయికి పెండ్లి చేశారు. ఊహ తెలిసిన తర్వాత ఆమె ఆ కాపురానికి వెళ్ళనని చెప్పి, తన దారి తాను చూసుకున్నారు. ఇంగ్లీషు మాధ్యమాన్ని నిరసించి బడి మానివేసి, తాను నేర్చిన హిందీని ఇరుగు పొరుగు ఆడవారికి నేర్పడానికి ఒక చిన్న పాఠశాల నడిపారు. అప్పటికి ఆమెకే ఇంకా చిన్నతనం వీడలేదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. పన్నెండేళ్ళు నిండని ఈ బాలిక పట్టణంలోని దేవదాసీల వద్దకు, గోషా పాటించే ముస్లిం స్త్రీల వద్దకు వెళ్ళి, వారు కూడా గాంధీజీ మాట వినాలని పట్టుబట్టింది. వారు మామూలు బహిరంగ సభకు రాలేరు. ఒకరిని సంఘం రానివ్వదు, మరొకరికి ఇంటి గడప దాటే వీలు లేదు. కనుక వారి కొరకు వేరుగా సభ పెట్టమని నాయకులను అడిగింది. అయిదు వేల రూపాయల నిధి పోగుచేస్తే చూద్దామని వారు తప్పించుకోజూశారు. ఆ స్త్రీలే చందాలు వేసుకుని ఆ మొత్తం సమకూర్చారు. సభ జరిగింది, స్త్రీలు ఒంటిమీద నగలు తీసి ఇచ్చారు. తర్వాత బహిరంగ సభలో గాంధీజీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పినది కూడా ఈ బాలికయే.

పెద్ద సభకు రాలేని వారు ఎవరో ముందుగా గుర్తించడం, వారు రాగలిగే చోటు అడగడం, అందుకు కావలసిన డబ్బు లెక్క చూపడం. ఈ సంఘటనను నేను విడమరచి చెప్పడానికి కారణం అదే. ముప్పై ఏళ్ళ తర్వాత ఢిల్లీలో ఆమె చేసిన పనీ ఇదే తీరులో సాగింది.

రెండేళ్ళ తర్వాత, 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంలో, ప్రదర్శనశాల ద్వారం వద్ద వాలంటీరుగా నిలబడి టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపివేసిన కథ అందరికీ తెలిసినదే. అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే ఈ కథలో నాకు కనబడేది వేరు. నియమం పెద్దవారికీ వర్తిస్తుందని నమ్మే మనిషి చేతికి ఒక సంస్థ డబ్బు అప్పగించవచ్చు.

ఉప్పు సత్యాగ్రహం నాటికి ఆమె మద్రాసులో ఉన్నారు. 1930 నుండి 1933 లోపు మూడు సార్లు జైలుకు వెళ్ళారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని కుంగదీసింది. ఆ జైళ్ళలోనే ఆమె మరొక లోకాన్ని చూశారు. ఏ నేరానికి శిక్ష పడినదో సరిగా తెలియని, తమ తరఫున కోర్టులో ఏమి చెప్పవచ్చునో చెప్పేవారు లేని నిరుపేద స్త్రీలు అక్కడ ఉన్నారు. బయటికి వచ్చాక న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక అక్కడే మొలకెత్తింది.

చదువు మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టవలసి వచ్చింది. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ.కు వెళితే, స్త్రీలకు వసతి గృహం లేదు గనుక చేర్చుకోలేమని ఉపాధ్యక్షులు సి.ఆర్.రెడ్డి గారు అన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, చదువుకోవాలనుకునే మరికొందరు యువతులను కూడగట్టి, తామే వసతి ఏర్పాటు చేసుకుని వచ్చి మళ్ళీ సీటు అడిగారు. ఇవ్వక తప్పలేదు. 1942 నాటికి ఆమె మద్రాసులో న్యాయవాది.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. మైలాపూరులో కొందరు బాలికలకు ఆటపాటలు, చదువు నేర్పడంతో మొదలైన ఈ పని, చదువు మధ్యలో ఆగిన స్త్రీలకు, వితంతువులకు మెట్రిక్ శిక్షణ ఇచ్చే కేంద్రంగా, చేతిపనుల శాలగా, ఆ తర్వాత ప్రసూతి ఆసుపత్రిగా, నర్సుల శిక్షణాలయంగా పెరిగింది.

రాజ్యాంగ సభలో ఆమె 1946 నుండి ఉన్నారు. సభాపతి స్థానంలో కూర్చోవడానికి ఎంపికైన వారి జాబితాలో ఉన్న ఒకే ఒక స్త్రీ ఆమె. ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలో 41వ అధికరణం ఉంది. నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వం తన శక్తి మేరకు సహాయం చేయాలని అది చెబుతుంది. చూడటానికి గొప్ప మాట. అయితే అది ఆదేశిక సూత్రాలలో ఉన్నది. అమలు కాలేదని కోర్టుకు వెళ్ళే వీలు లేనిది. వికలాంగుల కుటుంబానికి సంబంధించినంత వరకు 1950లో ఈ దేశంలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే అనుకోవచ్చు. ఎందరున్నారో లెక్క కూడా లేదు. 1931 జనాభా లెక్కల వరకు అంధులను, మూగ చెవిటి వారిని లెక్కించారు. 1941 నుండి 1971 వరకు జరిగిన జనాభా లెక్కలలో ఆ ప్రశ్నే లేదు. లెక్కలో లేనివారికి బడ్జెట్టులో చోటు అడగడం ఎంత కష్టమో పాఠకులు ఊహించుకోగలరు.

మరి ఆ కుటుంబాలను అప్పటిదాకా ఆదుకున్నది ఎవరు? చెదురుమదురుగా ఉన్న స్వచ్ఛంద సంస్థలే. బొంబాయిలో బధిరుల మొదటి పాఠశాలను 1880లలో నెలకొల్పినవారు అక్కడి కతోలిక పీఠాధిపతి లియో మ్యూరిన్ గారు. అంధుల కొరకు అమృత్‌సర్‌లో 1887లో మొదటి పాఠశాలను మిషనరీ అన్నీ షార్ప్ గారు తెరిచారు. తర్వాత మరికొన్ని వెలిశాయి. అన్నీ చందాలతో, దాతల దయతో నడిచేవి. దాత చనిపోతే మూతపడే స్థితి. పైగా నూటికి తొంభై ఇండ్లకు అటువంటి బడి ఒకటున్నదని కూడా తెలియదు.

1952 ఎన్నికలలో దుర్గాబాయి గారు ఓడిపోయారు. వెంటనే ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమించారు. ఓటమి ఆమెకు మేలే చేసిందని నేననుకుంటాను. లోక్‌సభలో గెలిచి ఉంటే ఎన్నో మంచి ఉపన్యాసాలు ఇచ్చేవారేమో! ప్రణాళికా సంఘంలో అయితే డబ్బు ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించే బల్ల ముందు కూర్చున్నారు. సాంఘిక సంక్షేమం ఆమె వంతు. స్వచ్ఛంద సేవా సంస్థల సహాయార్థం మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు ప్రత్యేకించారు.

ఈ నాలుగు కోట్లు ఎవరి చేతుల మీదుగా పంచాలి? ఏదైనా మంత్రిత్వ శాఖకు అప్పగిస్తే గుమాస్తా నుండి కార్యదర్శి దాకా ఫైలు తిరిగి, చివరకు ఢిల్లీ దారి తెలిసిన పెద్ద సంస్థలకే చేరుతుందని ఆమె భయం. ఒక ప్రత్యేకమైన బోర్డు ఉండాలి, అందులో అధికారులకంటే క్షేత్రంలో పని చేసిన వారు, ముఖ్యంగా స్త్రీలు, ఎక్కువగా ఉండాలి, ఖర్చు విషయంలో దానికి స్వేచ్ఛ ఉండాలి అన్నది ఆమె పట్టు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమెయే. అదే ఏడాది జనవరి 22న ఆమె ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడి ఉన్నారు. భర్త ఖజానా అధిపతి, భార్య ఆ ఖజానా నుండి పేదల కొరకు అడిగే బోర్డుకు అధిపతి! నేటి పత్రికలైతే వారం రోజులు వ్రాసేవి. ఇటువంటి స్థానంలో ఉన్నవారి లెక్కలు ఇతరులకంటే శుభ్రంగా ఉండాలి.

1954లో రాష్ట్రాలలో సలహా బోర్డులు ఏర్పడ్డాయి. జిల్లా పట్టణంలో పదిమంది పిల్లలతో నడిచే ఒక అంధుల బడి గురించి ఢిల్లీలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? ఆ రాష్ట్రంలోని సభ్యురాలు వెళ్ళి చూసి వ్రాయాలి. సంస్థ నమోదై ఉన్నదా, కార్యవర్గం నిజంగా సమావేశమవుతున్నదా, పద్దులు తనిఖీ అయినవా, తన వంతు నిధి ఎంత తెచ్చుకుంటుంది అన్నవి అడగాలి. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు పని చేసే సంస్థలు ఈ విధంగా గ్రాంటుకు దరఖాస్తు చేసుకునేవి. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ ఒక టీచరు జీతం, ఒక గది పైకప్పు, కొన్ని మంచాలు అంటే అటువంటి బడికి ఒక ఏడాది ఆయుష్షు. ఇంకొక ప్రయోజనమూ ఉన్నది. గ్రాంటు కావాలంటే కార్యవర్గం కూర్చోవాలి, లెక్క వ్రాయాలి. దాత ఇంటి వ్యవహారంగా నడిచిన సంస్థలు మొదటిసారి నలుగురికి జవాబు చెప్పవలసి వచ్చింది.

అదే 1954 ఆగస్టు 15న గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు మొదలయ్యాయి. 1958 నుండి పెద్దవయసు స్త్రీలకు రెండేళ్ళలో మెట్రిక్ చదివించే సంక్షిప్త విద్యా కోర్సులు దేశమంతటా వచ్చాయి. మైలాపూరులో మొదలైన పాఠమే అది. స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత, 1953లో చైనా వెళ్ళి చూసి వచ్చాక కుటుంబ న్యాయస్థానాల కొరకు చేసిన వాదన, ఇవన్నీ వేరే వ్యాసం విషయాలు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో గాని రాలేదు.

ఢిల్లీలో ఆమె మరొక కుర్చీలో కూడా కూర్చున్నారు. అంధుల సహాయ సంఘం, అనగా బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్, అధ్యక్షురాలిగా ఆమె అంధ బాలుర కొరకు వసతితో కూడిన పాఠశాలను, తేలికపాటి ఇంజనీరింగు పనుల వర్క్‌షాపును నెలకొల్పారు. ఈ రెండవది గమనింపదగినది. ఆ కాలంలో చూపులేని వారికి నేర్పే పని అంటే కుర్చీలకు పేము అల్లడం, నేత, సంగీతం. అంతకు మించి ఎవరూ ఆలోచించేవారు కారు. అల్లిన కుర్చీని జాలితో కొనేవారుంటారు గాని ఫ్యాక్టరీలో కూలి ఇచ్చి పెట్టుకునేవారు ఉండరు. యంత్రం మీద చేయి తడిమి పని నేర్చిన యువకుడు కార్ఖానా గేటు వద్ద ఉద్యోగం అడగగలడు. దేశంలో పరిశ్రమలు పెరుగుతున్న ఆ రోజులలో ఆ గేటు వైపు చూడాలన్న ఆలోచన చిన్నది కాదు. భారతీయ భాషలన్నిటికీ ఒకే బ్రెయిలీ పద్ధతి 1951లోనే ఖరారైంది. చదువుకు లిపి ఉన్నది, బడి ఉన్నది. చదివాక ఏమి చేయాలన్నదే ఇంటివారి దిగులు. వర్క్‌షాపు ఆ దిగులుకు జవాబు.

మద్రాసులో అడయారు వద్ద ఆంధ్ర మహిళా సభ ఆధ్వర్యంలో ఈశ్వరీప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం 1960లలో పని ప్రారంభించింది. పోలియోతో కాళ్ళు చచ్చుబడిన పిల్లలు దేశంలో ప్రతి ఊరిలో కనిపించిన రోజులవి. చుక్కల మందు ఇంటింటికీ అందడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో బెంగాల్‌లో నమోదైంది. ఈనాటి యువ తల్లిదండ్రులకు ఆ భయం తెలియదు. జ్వరం వచ్చి తగ్గిన మూడవ రోజు బిడ్డ లేచి నిలబడబోయి కూలిపోయేవాడు. ఆ తర్వాత కుటుంబం తిరగని ఆసుపత్రి, కట్టించని కట్టు ఉండేవి కావు. ఒకచోట ఆపరేషను, ఒకచోట కాళ్ళకు ఇనుప పట్టీలు, మరొకచోట వ్యాయామం. కూలి మానుకుని తిరగలేక మధ్యలోనే ఆపేసేవారు. బడి సంగతి సరేసరి. వైద్యం, కాలిపర్లు, చదువు ఒకే ఆవరణలో అందాలన్నది ఇటువంటి కేంద్రం వెనుక ఉన్న ఆలోచన. బిడ్డ నడక నేర్చుకునే నెలలలో అక్షరాలు కూడా పోగొట్టుకోకూడదు.

ఇక్కడ ఒక మాట దాపరికం లేకుండా చెప్పుకోవాలి. దుర్గాబాయి గారి పద్ధతిలో ఒక లోటు ఉన్నది. అది ఆ తరమంతటికీ ఉన్న లోటు. బోర్డులలో కూర్చున్నది మంచివారు, చదువుకున్నవారు, సేవాతత్పరులు. అయితే చూపులేని బిడ్డ తల్లి ఆ బోర్డులో సభ్యురాలు కాదు. చూపులేని మనిషీ సభ్యుడు కాదు. వారు సహాయం పొందేవారు, వీరు ఇచ్చేవారు. గ్రాంటు ఏడాదికేడాది రావాలి. రాకపోతే అడిగే హక్కు కుటుంబానికి లేదు, సంస్థకు మాత్రమే విన్నపం చేసుకునే వీలున్నది. న్యాయవాది అయిన ఆమెకు ఈ తేడా తెలియనిది కాదు. లెక్కలే లేని, చట్టమే లేని దేశంలో ముందు తలుపు తెరవాలి, తర్వాత ఎవరు లోపలికి వస్తారో చూడవచ్చునని అనుకున్నారేమో! నాకు ఆ వాదన పూర్తిగా ఒప్పుదల కాదు. కాని ఆ తలుపు తెరుచుకొని ఉండకపోతే తర్వాత వచ్చినవారు తట్టడానికి ఏమీ ఉండేది కాదన్నది మాత్రం కాదనలేను.

1967 తర్వాత ఆమె దృష్టి హైదరాబాదు వైపు మళ్ళింది. ఆంధ్ర మహిళా సభ ఇక్కడ కళాశాలలు, ఆసుపత్రి, అక్షరాస్యతా కేంద్రం నడిపింది. 1968లో ప్రభుత్వం వెలువరించిన భారత సాంఘిక సేవా విజ్ఞాన సర్వస్వానికి సంపాదక వర్గ అధ్యక్షురాలు ఆమెయే. ఎక్కడ ఏ సేవ దొరుకుతుందో ఒకచోట వ్రాసి ఉండాలన్న పట్టుదల ఆమెకు ముందు నుండీ ఉన్నది. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె పరమపదించారు. ఆ ఏడాదిని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది జనాభా లెక్కలలోనే, యాభై ఏళ్ళ తర్వాత, వికలాంగుల గురించిన ప్రశ్న మళ్ళీ చేరింది. 2011 లెక్కలలో ఆ సంఖ్య 2 కోట్ల 68 లక్షలుగా తేలింది.

ఆమె మరణానంతరం పనులు వేరే దారిన కదిలాయి. 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నెలకొన్నది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆమె నిర్మించిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డును 2022లో మూసివేశారు. డెబ్బై ఏళ్ళకు ఒక్క ఏడాది తక్కువ.

ఈ చట్టాలన్నిటిలో మన పాఠకులకు అంతగా తెలియనిది 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారి కొరకు చేసిన చట్టమిది. అటువంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటిలో రాత్రి దీపం ఆర్పాక తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఒకటే. మేము పోయాక వీడిని ఎవరు చూస్తారు? పద్దెనిమిదేళ్ళు నిండాక తల్లిదండ్రులు సైతం తమంతట తామే సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా, ఆస్తి, ఆపరేషనుకు సంతకం, అన్నిటికీ చిక్కే. చట్టబద్ధమైన సంరక్షకుని నియమించే పని ఈ చట్టం జిల్లాలోని స్థానిక కమిటీకి అప్పగించింది. కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగనక్కరలేదు.

ఆ ట్రస్టు బోర్డులో నమోదైన సంస్థల తరఫున తొమ్మిది స్థానాలు ఉన్నాయి. మూడు స్వచ్ఛంద సంస్థలవారికి, మూడు తల్లిదండ్రుల సంఘాలకు, మూడు వికలాంగుల సంఘాలకు. జిల్లా కమిటీలోనైతే మూడు కుర్చీలు ఉంటాయి. ఒకటి కలెక్టరుది, రెండవది నమోదైన ఒక సంస్థ ప్రతినిధిది, మూడవది వైకల్యం ఉన్న వ్యక్తిది.